రేకుల ఇంటి మీద వడగళ్లు

ఉద్దానంలో ఇల్లు కట్టుకునేవాడికి మొదటి భయం గాలి. మా వైపు ఎవరింటికైనా వెళ్ళి "ఇల్లు బాగుందండీ" అంటే గదులు చూపించరు. తలెత్తి పైకప్పు చూపిస్తారు. ఏ తుపానుకి అది ఎంత ఎగిరిందో, ఎగిరి ఎక్కడ పడిందో చెబుతారు. మా అత్తగారైతే తను కాపురానికొచ్చిన కొత్తలో ఎగిరిపోయిన పాక కప్పు గురించి నాకు కనీసం ఇరవైసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా ఆ కప్పు ఇంకో తోట అవతల పడేది. నేను వచ్చిన మొదటి ఏడు మూడో తోటలో పడింది. ఇల్లు కట్టే నాటికి దాదాపు సముద్రం దగ్గరికి చేరింది.

అందుకే తొంభైల చివర్లో మేము ఇల్లు మొదలుపెట్టినప్పుడు ఇంట్లో జరిగిన చర్చలన్నీ గాలి చుట్టూ తిరిగాయి. వడగళ్ల మాట ఎత్తిన మనిషి ఊళ్ళో ఒక్కడే. ఆయన మాట మేము వినలేదు.

నేను టెక్కలిలో పుట్టి పెరిగాను. పెళ్ళయ్యాక పలాసకీ సముద్రానికీ మధ్యనున్న ఈ ఊరికి వచ్చాను. ఊరి బళ్ళో టీచర్ని. మా ఆయన పలాసలో ఒక హార్డ్‌వేర్ షాపులో గుమస్తా. మేకులు, తాళ్ళు, సిమెంటు రేకులు అమ్మే షాపు. అమ్మే వస్తువుని నమ్మే మనిషి ఆయన. పొద్దస్తమానం రేకుల మధ్య తిరిగి తిరిగి, మనుషుల్లో కూడా రేకుల ఇళ్ళవాళ్ళు ఒక మెట్టు పైనున్నారని ఆయనకి నమ్మకం కుదిరింది. ఇంట్లో మూడో మనిషి మా అత్తగారు. ఆదివారం చర్చికి అందరికంటే ముందు వెళ్ళి ముందు చాపలో కూర్చునేది. మిగిలిన ఆరు రోజులూ కొడుకుని సరిదిద్దడంలో గడిపేది.

మా స్థలానికి ఆనుకునే ఒక ముసలి రైతు ఇల్లు. పాతకాలపు నాటు పెంకుల ఇల్లు, వెనకాల జీడితోట, చుట్టూ కొబ్బరిచెట్లు. మా ఆయన ఆయన్ని మావా అనేవాడు, ఆయన మా ఆయన్ని అల్లుడూ అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళు హిందువులు, మేము బాప్టిస్టు చర్చి వాళ్ళం. మా వైపు పక్కింటాయన్ని మావా అనడానికి చుట్టరికం అక్కర్లేదు, మధ్యలో ఒక కంచె ఉంటే చాలు.

గోడలు పైకి లేచిన రోజుల్లో ఆ మావ ఒక సాయంత్రం వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని మా ఇంటి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"పైకేటి ఎయ్యాలనుకుంటన్నావు అల్లుడూ?"

"సిమెంటు రేకులు మావా."

"రేకులా? పెంకు ఎయ్యి. పెంకు పగిల్తే ఒక పెంకు పగుల్తాది. రేకు పగిల్తే గది పగిలినట్టే."

"రేకు ఎందుకు పగుల్తాది మావా? తుపానొత్తే నీ పెంకులు ఎగిరి సోంపేట ఎల్పోతాయి. నా రేకులు హుక్కులేసి బిగిస్తాను. కదల్తే నన్నడుగు."

"గాలికి కదలదు, నిజమే. వడగళ్లు పడితేనో?"

మా ఆయన నవ్వాడు. మా అత్తగారు నవ్వింది. దాచడమెందుకు, నేనూ నవ్వాను. మామిడి పూత మీద ఎప్పుడో నాలుగు శనగగింజలంత వడగళ్లు పడితే పిల్లలు ఏరుకుని తినడం తప్ప, సముద్రం ఇంత దగ్గరగా ఉన్న ఊళ్ళో వడగళ్లని చూసి భయపడినవాళ్ళని మేమెవరం ఎరగం.

"నా సిన్నప్పుడు ఒకపాలి పడ్డాయి, నిమ్మకాయలంతేసి," అన్నాడు మావ.

"మావా, అయ్యి నిమ్మకాయలే అయ్యుంటాయి. ఎవరి సెట్టువో రాలుంటాయి," అన్నాడు మా ఆయన.

మావ కూడా నవ్వేసి వెళ్ళిపోయాడు.

రేకులు ఎడ్లబండి మీద వచ్చాయి. మేస్త్రీ వాటిని బిగించిన రోజు మా ఆయన షాపుకి సెలవు పెట్టి కింద నిలబడి, ప్రతి హుక్కుకీ వాషరు ఉందో లేదో అరిచి అడిగాడు. పని అయ్యాక తనే పైకెక్కి ఒక చివర నుంచి ఇంకో చివరికి నడిచాడు. కింద ఊరు సగం చేరింది. "సూడండి! ఏనుగు నడిసినా ఏటీ అవదు," అని పైనుంచి అరిచాడు. కింద నుంచి మా అత్తగారు, "ఏనుగు సంగతి తరవాత, ముందు నువ్వు దిగు," అంది. ఆయన దూలం ఉన్న వరస మీద మాత్రమే నడుస్తున్నాడని నాకు కనిపిస్తూనే ఉంది. కొత్త ఇల్లు కదా, నేనూ చప్పట్లు కొట్టాను.

గృహప్రతిష్ఠ ప్రార్థన ఏప్రిల్లో ఒక ఆదివారం పెట్టుకున్నాం. చర్చి అయిపోయాక సంఘమంతా నేరుగా మా ఇంటికి రావాలి, పాస్టరు గారు ప్రార్థన చేస్తారు, తర్వాత భోజనాలు. పెరట్లో పొయ్యి తవ్వి పలావుకి ఎసరు పెట్టించాం. వంటాయన కోటబొమ్మాళి నుంచి వచ్చాడు. వంట బాగా చేస్తాడని పేరు, ఎవరి మాటా వినడని కూడా పేరు. వచ్చినవాళ్ళకి ఇవ్వడానికి ఇత్తడి గుండిగ నిండా నిమ్మకాయ నీళ్ళు కలిపి హాల్లో ఒక మూల పెట్టాం. దాంట్లో వెయ్యడానికి పలాస నుంచి ఐసుగడ్డ తెస్తానని మా ఆయన, వద్దని మా అత్తగారు ముందురోజు పెద్ద గొడవ పడ్డారు.

"సేపల మీదేసే ఐసు మనుషులకి పోస్తావేట్రా?"

"అది వేరే ఐసమ్మా."

"ఐసంతా ఒకటే ఐసు. సల్లటి నీళ్ళు కుండలో ఉన్నాయి, అయ్యి సాలు."

అలా ఐసు లేకుండానే నిమ్మకాయ నీళ్ళు తయారయ్యాయి.

ఆరోజు ఉక్క చెప్పలేనంతగా ఉంది. కొబ్బరాకు కదల్లేదు. హాల్లో నలభై మంది చాపల మీద, జంపకానా మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. రేకుల కింద వేడి మా నడినెత్తి మీద కుంపటి పెట్టినట్టుంది. పాట పాడాం. ఇంకో పాట పాడాం. కిటికీలోంచి చూస్తే పడమటి వైపు ఆకాశం నల్లగా కాకుండా, తోమని కంచుగిన్నె రంగులో ఉంది. కంచె అవతల మావ తన వాకిట్లో నిలబడి అటే చూస్తున్నాడు. చెయ్యి ఎత్తి నాకేదో సైగ చేశాడు. ప్రార్థనకి నమస్కారం పెడుతున్నాడేమో అనుకుని నేనూ తలూపాను. ఆరేసిన బట్టలు తీసెయ్యి, పిల్లల్ని లోపలికి పిలువు అని సైగ చేశానని ఆయన తర్వాత చెప్పాడు.

మా పాస్టరు గారు మంచి మనిషి. క్లుప్తంగా మాట్లాడటం ఒక్కటే రాదు. ఇంటి పునాది నుంచి మొదలుపెట్టి గోడలు, గుమ్మాలు, కిటికీలు వరసగా దేవుడికి అప్పగించుకుంటూ పైకప్పు దాకా వచ్చేసరికి అరగంట పట్టింది. గాలి లేచింది. గది చీకటైంది. ఆయన రెండు చేతులూ పైకెత్తి, మంచి గొంతుతో, "తండ్రీ, ఈ ఇంటి మీద, పైనుంచి, నీ మేలులు ధారాళంగా కురిపించు!" అన్నారు.

ఠంగ్ మంది.

అందరం కళ్ళు మూసుకునే ఉన్నాం. "కోతేమో," అని నా వెనక ఎవరో గుసగుసలాడారు. పాస్టరు గారు ఒక్క క్షణం ఆగి, "కురిపించు తండ్రీ," అని మళ్ళీ అందుకున్నారు. ఠంగ్, ఠంగ్, ఠఠంగ్. ఎవరో కంకర బండి తెచ్చి మా ఇంటి మీద బోర్లించినట్టు మొదలైంది. పాస్టరు గారు గొంతు పెంచారు. పైన చప్పుడు ఇంకా పెరిగింది. కాసేపు ఆయనా, ఆకాశమూ పోటీ పడ్డారు. ఆయన నోరు కదలడం కనిపిస్తోంది గానీ ఒక్క మాటా వినపడటం లేదు. అలవాటు కొద్దీ అందరం అక్కడక్కడా ఆమేన్ అంటున్నాం.

అప్పుడు గది మధ్యలో ఫెళ్ళుమని ఒక కన్నం పడింది. అందులోంచి ఒక పెద్ద వడగల్లు దిగి, నలభై మందిలో ఎవరికీ తగలకుండా, తిన్నగా వెళ్ళి నిమ్మకాయ నీళ్ళ గుండిగలో పడింది. నీళ్ళు గోడదాకా చిందాయి. గుండిగ పక్కన కూర్చున్న మా చర్చి పెద్ద ఒకాయన, లావుపాటి నెమ్మదస్తుడు, లోపలికి తొంగి చూసి, "ఐసొచ్చీసినాది," అన్నాడు.

నాకు ఆ పరిస్థితిలో నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. అంతలోనే ఇంకో చోట పగిలింది. తర్వాత ఇంకో చోట. పాస్టరు గారి భుజం మీద ఒకటి పడి ఆయన "అమ్మా" అన్నారు. అరగంటలో ఆయన అన్న అతి చిన్న వాక్యం అదే. మా ఆయన మాత్రం గది మధ్యలో నిలబడి పైకే చూస్తున్నాడు. "ఏటీ అవదు, ఏటీ అవదు, అందరూ కూకోండి," అంటున్నాడు. అలా అంటుండగానే రేకుముక్క ఒకటి ఆయన ముందు పడింది, ఒక వడగల్లు నుదుటి మీద తగిలింది. చూస్తుండగానే అక్కడ రేగిపండంత బొప్పి లేచింది.

"ఒరే, కూకోడం కాదు, లగెత్తండి!" అని అరిచింది మా అత్తగారు.

కంచె అవతల నుంచి మావ కేకలు: "ఇటు! ఇటొచ్చీయండి! పెంకుటింట్లోకి!"

జంపకానా ఎత్తి నెత్తిన పెట్టుకుందామన్న ఆలోచన ఎవరికి వచ్చిందో తెలీదు. మంచి ఆలోచనే. ఇరవై మంది దాని కిందకి దూరారు. దానికి డ్రైవరు మాత్రం లేడు. ముందున్నవాళ్ళు బడి వైపు బయలుదేరారు, వెనకున్నవాళ్ళు మావ ఇంటి వైపు లాగారు. వడగళ్లలో ఆ జంపకానా మా వాకిట్లో ఒక చుట్టు పూర్తిగా తిరిగింది. చివరికి మా అత్తగారు చేటతో నెత్తి కప్పుకుని ముందుకొచ్చి, జంపకానా అంచు పట్టుకుని, గేదెని లాక్కెళ్ళినట్టు మావ గుమ్మంలోకి లాక్కెళ్ళింది.

అక్కడ ఇంకో ప్రమాదం పొంచి ఉంది. మావ భార్య, నేను పెద్దత్తా అని పిలిచే ఆవిడ, వడగళ్లు ఆగాలంటే రోకలి వాకిట్లోకి విసరాలని నమ్మే మనిషి. లోపల్నుంచి రోకలి తెచ్చి, "పో! పో!" అంటూ బలంగా విసిరింది. సరిగ్గా అప్పుడే మా వంటాయన పలావు డేగిసా నెత్తిన పెట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు. రోకలి ఆయన కాళ్ళ ముందు పడింది. ఆయన దాన్ని గెంతి దాటాడు. డేగిసా కదల్లేదు, మూత కూడా జారలేదు. ఎవరి మాటా వినని ఆ మనిషి గౌరవం ఆ ఒక్క గెంతుతో మా ఊళ్ళో శాశ్వతంగా పెరిగిపోయింది.

పాస్టరు గారు గుమ్మం దగ్గర ఆగిపోయారు. ఎదురుగోడ నిండా దేవుళ్ళ పటాలు, పసుపు కుంకాలు, అప్పుడే వెలిగించిన దీపం. ఆయన లోపలికి రావాలా వద్దా అని ఆలోచిస్తున్నారని మావకి అర్థమైంది.

"గుమ్మం కాడ నిలబడితే బుర్ర పగులుద్ది బాబూ, లోపలికి రండి," అన్నాడు.

పాస్టరు గారు వచ్చి పటాలకీ క్యాలెండరుకీ మధ్య ఖాళీ చూసుకుని నిలబడ్డారు.

పైన పెంకులు పగులుతూనే ఉన్నాయి. మావ చెప్పింది నిజమే. ఒక పెంకు పగిలితే దాని కింద ఇంకో వరస ఉంది. అక్కడక్కడ ధార కారింది, వడగల్లు మాత్రం లోపలికి రాలేదు. తడిసిన నలభై మందీ, మావ కుటుంబం, రెండు మేకలు, పలావు, అందరం ఒక్క హాల్లో ఇరుక్కుని నిలబడ్డాం.

ముందు మావే మాట్లాడాడు. "పూజ మజ్జిలో ఆపీసినారు గదా బాబూ. మొదలెట్టిన పని సగంలో ఒగ్గీకూడదు. పూర్తి సేసీండి."

పాస్టరు గారు మా అత్తగారి వైపు చూశారు. ఆవిడ తలూపింది. ఆయన కళ్ళు మూసుకుని, "తండ్రీ, ఈ ఇంటిని..." అని మొదలుపెట్టి, కళ్ళు తెరిచి చుట్టూ చూసుకున్నారు. మళ్ళీ మూసుకుని, "ఈ ఇంటినీ, ఆ ఇంటినీ, మొత్తానికి అందరినీ కాపాడు," అని ముగించారు. ఈసారి ఆమేన్ అందరికీ వినపడింది. పెద్దత్త అందరికంటే గట్టిగా అంది.

ఈ విషయంలో మా అత్తగారికి ఒక అసంతృప్తి మిగిలిపోయింది. ముందు ఈ ఇల్లు అన్నారు, తరవాతే ఆ ఇల్లు అన్నారని. మన దీవెన సగానికి పైగా కంచె అవతలే పడిందని చాలా ఏళ్ళు అనేది.

పావుగంటలో అంతా ఆగిపోయింది. బయటికొస్తే వాకిలి తెల్లగా ఉంది. పిల్లలు పావడాల్లో, చొక్కాల్లో వడగళ్లు ఏరుకుంటున్నారు. టీచర్ని అన్న సంగతి మరిచిపోయి నేనూ ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను. నిమ్మకాయంత లేదు గానీ, నిమ్మకాయకి చెల్లెలంత ఉంది.

పలావు మావ అరుగు మీదే వడ్డించాం. పెద్దత్త వాళ్ళు మాంసం తింటారు కాబట్టి ఇబ్బంది లేకపోయింది. అందరూ కూర్చున్నారు. మావ విస్తరి మాత్రం ఖాళీగా ఉంది. ఎక్కడున్నాడని చూస్తే, వెనక తోటలో ఉన్నాడు. పిలవడానికి నేను వెళ్ళాను.

జీడితోటలో అడుగు పెట్టగానే ఒక పచ్చి వాసన కొట్టింది, చిరిగిన ఆకుదీ చితికిన పండుదీ కలిసి. నేలంతా పిందెలు. ఇంకా పిక్క ముదరనివి, అప్పుడే రంగు తిరుగుతున్న పళ్ళు, విరిగిన రెమ్మలు, వాటి మధ్య కరిగిపోతున్న వడగళ్లు. చెట్లు బొచ్చు పీకిన కోళ్ళలా నిలబడ్డాయి. మావ ఒక చెట్టు మొదట్లో చెయ్యి ఆన్చి నిలబడి ఉన్నాడు. మేము మా నలభై మందితో ఆయన ఇంట్లోకి పరిగెత్తుతున్నప్పుడు, మా గిన్నెలూ డేగిసాలూ లోపలికి అందిస్తున్నప్పుడు, తను పాస్టరు గారిని లోపలికి పిలుస్తున్నప్పుడు, ఇక్కడ ఇది జరుగుతోందని ఆయనకి తెలుసు. వెనక తలుపు తీస్తే కనిపించేదే. ఆయన ఒక్కసారి కూడా ఆ తలుపు తియ్యలేదు.

"మావా," అన్నాను.

"ఏటీ నేదు టీచరమ్మా. పిందె మీదుంది గదా, నిలబడనేదు." నా వైపు తిరిగి అడిగాడు. "నీ రేకులకెన్ని కన్నాలు పడ్డాయేటి?"

"చూసుకోలేదు మావా."

"ఎల్లి సూసుకో. ఇల్లు బాగు సేసుకోవచ్చు." చేతిలో ఉన్న పచ్చి పిక్కని కింద పడేసి, "పద, కూడు సల్లారిపోతాది," అన్నాడు.

ఆరోజు ఆయన విస్తరిలో అన్నం కంటే ఎక్కువ మాంసం పడేలా మా అత్తగారు తనే గరిట పట్టుకుంది. ఆవిడకి ఓదార్చడం అలాగే వచ్చు.

మర్నాడు ఎండ కాసింది. కన్నాలన్నిట్లోంచీ వెలుగు దిగి హాలు నేల మీద గుండ్రంగా మచ్చలు పడ్డాయి. మా ఆయన బొప్పికి తెల్లగుడ్డ కట్టుకుని వాటి మధ్య కూర్చున్నాడు. సగం రేకులు ఏదో ఒక రకంగా దెబ్బతిన్నాయి. ఆయన్ని బాధపెట్టింది అది కాదు, షాపుకి వెళ్ళడం. ఎన్ని ఇళ్ళవాళ్ళకి తన నోటితో ఏనుగు మాట చెప్పాడో ఆయనకే గుర్తు లేదు. వాళ్ళందరూ షాపు ముందు నిలబడి ఉంటారని భయం.

నిజంగానే నిలబడ్డారట, నలుగురైదుగురు. ఓనరు గ్యారంటీ కాగితం తీసి చదివాడు. రవాణాలో పగిలితే, బిగింపులో పగిలితే అని ఏవేవో ఉన్నాయి. వడగళ్ల మాట లేదు. "మన వైపు ఎవడు రాస్తాడురా ఆ మాట," అన్నాడట ఓనరు. నష్టం రాసుకోవడానికి ఒక ప్రభుత్వ ఉద్యోగి ఊళ్ళోకి కూడా వచ్చాడు. గాలికి పోయిన ఇల్లా, నీటికి పోయిన ఇల్లా అని అడిగాడు. రాయిలా పడి నీళ్ళైపోయిందని మా అత్తగారు చెప్పింది. ఆయన చాలాసేపు కలం పట్టుకుని ఆలోచించి, నీళ్ళు తాగి, వెళ్ళిపోయాడు.

మా ఆయన వారం రోజులు ఇంటికప్పు మీదే ఉన్నాడు. గోనెగుడ్డ ముక్కలు తారులో ముంచి కన్నాల మీద అంటించాడు. షాపు రేకులకి షాపు తారే మందని ఆయన వాదన. ఎండకి తారు కరిగి, హాల్లో కూర్చున్నవాళ్ళ మీద నల్లటి చుక్కలు పడేవి. నా రెండు చీరలు పోయాయి. మొదటి వాన పడ్డప్పుడు పదకొండు చోట్ల కారింది. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నేల మీదికి వచ్చాయి. గిన్నెకో చప్పుడు. అన్నం వండాలంటే ఏ గిన్నె ఖాళీ చెయ్యాలో తెలిసేది కాదు.

ఆ వాన మర్నాడు మావ కంచె దాటి వచ్చాడు. ఈసారి ఇంటి చుట్టూ తిరగలేదు. అరుగు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"అల్లుడూ, నామాట ఇను. పగిలిన రేకుల్లో బొత్తిగా పోయినయ్యి మార్చు. మిగతా వాటి మీద కొబ్బరాకు అల్లి కప్పు. రెండు వరసలు. దెబ్బ ఆకు మీద పడతాది, రేకు మీద పడదు. సల్లగా కూడా ఉంటాది."

మా ఆయన మొహం చూడాలి. రేకుల ఇల్లు కట్టిందే ఆకుల ఇంట్లోంచి బయటపడటానికి.

"రేకు మీద ఆకా మావా? ఎవరైనా సూత్తే ఏటనుకుంటారు? టోపీ మీద తలపాగా సుట్టుకున్నట్టుంటాది."

"తలకాయకి దెబ్బ తగిల్నోడు రెండూ సుట్టుకుంటాడు," అంది మా అత్తగారు, కొడుకు నుదుటి మీద ఇంకా విప్పని గుడ్డ చూపిస్తూ.

మా ఆయన లేచి తాడు వెతకడానికి వెళ్ళాడు.

ఆ వేసవిలోనే ఒక శనివారం నుంచి మొదలుపెట్టి మూడు రోజులు రెండిళ్ళవాళ్ళమూ కొబ్బరాకు అల్లాం. వడగళ్లకి రాలిన మట్టలు మావ తోటలో గుట్టగా పడి ఉన్నాయి. పెద్దత్త, మా అత్తగారు ఎదురెదురుగా కూర్చుని పోటీ పడి అల్లేవారు. నాకు నేర్పబోయి, నా అల్లిక చూసి, "టీచరమ్మా, నువ్వు టీ పెట్టు," అన్నారు. పైన మా ఆయనా మావా తాళ్ళతో కట్టేవారు. ఆకు ఎగిరిపోకుండా వల పరిచి బిగించాలని మావ అన్నాడు. డొంకూరులో చేపలు పట్టే చుట్టం ఒకాయన పాత వల ఇచ్చాడు. అలా మా ఇంటికి సిమెంటు రేకు, కొబ్బరాకు, చేపల వల, మూడు కప్పులు అయ్యాయి. కొన్నాళ్ళు దాంట్లోంచి ఎండుచేపల వాసన వచ్చేది. ఊళ్ళో పిల్లులన్నీ మా ఇంటి మీదే కాపురం పెట్టాయి.

హాలు మాత్రం చల్లబడింది. మే నెలలో మధ్యాహ్నం పూట మా ఇంట్లో నిద్రపోవడానికి చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చేవారు. సంగతి బయటికి పాకింది. జలంత్రకోట నుంచి ఇద్దరు వచ్చి పైకి చూసి, ఎలా కట్టారో అడిగి వెళ్ళారు. అప్పుడు మా ఆయనలో మళ్ళీ పాత మనిషి లేచాడు. షాపులో రేకులు కొనడానికి వచ్చినవాళ్ళని పక్కకి పిలిచి పాఠం చెప్పడం మొదలుపెట్టాడు.

"తుపానుకి పెంకుని నమ్మకండి, వడగళ్లకి రేకుని నమ్మకండి, ఎండకి డాబాని నమ్మకండి."

ఓనరు అది విని ఒకరోజు అడిగాడట. "మరి నన్నేటి అమ్ముకోమంటావురా?"

"రేకే అమ్మండి," అన్నాడట మా ఆయన. "దాంతోపాటు తాడూ, వలా కూడా అమ్మండి."

ఆ ఏడాది నుంచి ఆ షాపులో తాడు బాగా అమ్ముడైందని ఆయన చెప్పేవాడు. ఓనరు చెప్పగా మాత్రం నేను వినలేదు.

మావ తోట తేరుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ జీడిపళ్ళ కాలంలో ఆయన మా అరుగు మీద ఎక్కువసేపు కూర్చునేవాడు. తోటలోకి పెద్దగా వెళ్ళేవాడు కాదు. మూడో ఏడు పూత బాగా వచ్చింది. ఆయన మళ్ళీ పొద్దున్నే తలపాగా చుట్టుకుని తోటలోకి వెళ్ళడం మా వంటగది కిటికీలోంచి చూశాను. మా ఆయనతో చెబితే, తనూ లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

ఆకు మాత్రం మేము ఏటేటా మార్చుకుంటూ వచ్చాం. వడగళ్లు మళ్ళీ రాలేదు. ఒక ఏడు గడిచింది, రెండు గడిచాయి, నాలుగు గడిచాయి. మా ఆయన బయటికి చెప్పడు గానీ, లోపల ఒక కోరిక పెరుగుతోందని నాకు తెలుసు. తన మూడు కప్పుల కట్టుబడి ఎంత గట్టిదో ఊరికి చూపించాలి. ఏప్రిల్లో ఉక్క పోస్తే చాలు, గుమ్మంలో కుర్చీ వేసుకుని పడమటి వైపు చూసేవాడు.

"వడగళ్ల కోసం ఎదురుసూసే మనిషిని లోకంలో నిన్నే సూసాను," అనేది మా అత్తగారు.

రెండువేల అయిదో ఏడో ఆరో అనుకుంటాను, చివరికి వచ్చాయి. బడికి సెలవులు ఇచ్చేసిన ఒక మధ్యాహ్నం, నేను బియ్యం చెరుగుతున్నాను. ఆకాశం ఆ కంచుగిన్నె రంగుకి తిరిగింది. గాలి, తర్వాత ఆకు మీద టపటపా చప్పుడు. మా ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఒచ్చీసినాయి!" అన్నాడు, పెళ్ళివారు వచ్చారన్నంత సంబరంగా. మా అత్తగారు తలుపు చాటు నుంచి, "నోరు ముయ్యరా," అంది.

నేను లోపలికి పరిగెత్తి పైకి చూశాను. ఏమీ అవలేదు. రేకు ఒక్కటి కూడా కదల్లేదు. అది చెబుదామని గుమ్మంలోకి వస్తే ఆయన లేడు. కుర్చీ ఖాళీ. కంచె దగ్గర చూస్తే, నెత్తి మీద నా బియ్యం చేట పెట్టుకుని జీడితోటలోకి పరిగెడుతున్నాడు. బియ్యం ఎక్కడ పారబోశాడో దేవుడికే తెలియాలి.

నేనూ గొడుగు తీసుకుని వెనకే వెళ్ళాను. అప్పటికే చప్పుడు ఆగిపోయింది. పడ్డవి శనగగింజలంత, పడ్డది రెండు నిమిషాలు. చెట్ల కింద అక్కడక్కడ నాలుగు పళ్ళు రాలాయి, అంతే. మావ ఒక కొమ్మ కింద నిలబడి, బాగా పండిన ఎర్ర జీడిపండొకటి కొరుకుతున్నాడు. రసం గడ్డం మీద కారుతోంది. ఎదురుగా మా ఆయన చేట పట్టుకుని, రొప్పుతూ, ఒక్కో చెట్టునీ కింద నుంచి పైదాకా చూస్తున్నాడు.

"పిందె ఉందా మావా? నిలబడిందా?"

"నిలబడింది అల్లుడూ. ఈపాలి వాసన సూసి ఎల్పోయినాయి." మావ కింద పడ్డ పళ్ళలోంచి ఇంకొకటి తీసి, పంచె అంచుతో తుడిచి ఆయనకిచ్చాడు. "మరి నీ కప్పు?"

మా ఆయన పండు కొరికాడు.

"సూడనేదు మావా," అన్నాడు.